ఒక ఎపిసోడ్, ఒక ముంపు ఊరు: ఆగని కన్నీళ్లపై ఒక కేస్ స్టడీ

మహబూబ్‌నగర్ పట్టణంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తూ నేను చూసిన ఒక కేసు వివరాలు ఇవి. క్లయింట్, ఆయన భార్య ఇద్దరూ రాతపూర్వకంగా అంగీకరించిన మీదటే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టేందుకు వీలున్న వయసు, ఉద్యోగం, ఊరు వంటి వివరాలను మార్చాను; కేసు అర్థం కావడానికి అవసరమైన వాటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. టీవీ ఎపిసోడ్ చూసి ఏడవడం కేస్ స్టడీ రాయదగ్గ విషయమా అని తోటి వృత్తివారు కొందరు అడిగారు. నా దగ్గరకు వచ్చే యువతీయువకుల్లో సిరీస్‌ల గురించి, పాత్రల గురించి సొంత మనుషుల గురించి మాట్లాడినంత ఆర్తితో మాట్లాడేవాళ్లు పెరుగుతున్నారు. దాన్ని పిచ్చి కింద కొట్టిపారేసే కుటుంబాలూ ఉన్నాయి, వెంటనే రోగమని పేరు పెట్టే వృత్తినిపుణులూ ఉన్నారు. ఈ రెంటికీ నడుమ అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని ఈ కేసు నాకు స్పష్టం చేసింది. చూసింది ఏ కథ అన్నది కాదు, అందులో ఏ చోట కన్నీళ్లు వచ్చాయి అన్నదే ఆ ప్రశ్న.

క్లయింట్‌కు ముప్పై అయిదు దాటాయి. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. పెళ్లయి ఇద్దరు పిల్లలు. కాలేజీలోని మరికొందరు లెక్చరర్లతో కలిసి వారాంతాల్లో పాత సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు చూడటం, ఆ తర్వాత చాయ్ తాగుతూ వాటిలోని సైన్సు తప్పొప్పుల మీద వాదించుకోవడం ఆయనకు ఎన్నో ఏళ్లుగా ఉన్న అలవాటు. ఒక శనివారం రాత్రి వాళ్లు ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’లోని ‘ది ఇన్నర్ లైట్’ అనే ఎపిసోడ్ చూశారు. చూసిన వాళ్లలో దాదాపు అందరికీ కళ్లు తడిశాయి, కానీ ఈయనకు మాత్రం ఆ రాత్రి ఏడుపు ఆగలేదు. తర్వాతి వారాల్లో రోజూ రాత్రి అందరూ పడుకున్నాక ఆ ఎపిసోడ్ చివరి నాలుగైదు నిమిషాలను ఫోన్‌లో పెట్టుకుని మళ్లీ మళ్లీ చూడటం, చూసిన ప్రతిసారీ ఏడవడం మొదలైంది. నిద్ర తగ్గింది. క్లాసులో బోర్డు మీద లెక్క సగంలో ఆపి నిలబడిపోయిన సందర్భాలున్నాయి. అత్తగారు దర్గాకు తీసుకువెళ్లి తాయెత్తు కట్టించారు. ఆయన కాదనకుండా కట్టించుకున్నారు, నా దగ్గరకు వచ్చిన రోజు కూడా అది చేతికి ఉంది. దాన్ని తీసేయమని నేను చెప్పలేదు. అది అత్తగారి ప్రేమకు గుర్తే తప్ప నా పనికి అడ్డం కాదు.

మొదటి రోజు మాట్లాడింది ఎక్కువగా భార్యే. “టీవీల బొమ్మ సచ్చిపోయిందని ఏడుస్తడు సార్. సొంత తాత పోయిన నాడు మాత్రం ఒక్క సుక్క రాలలె,” అన్నారామె. నిందలా అనిపించిన ఆ రెండో వాక్యంలోనే కేసు మొత్తం ఉందని తర్వాత తెలిసింది.

ముందుగా ఎపిసోడ్ గురించి చెప్పాలి, ఎందుకంటే కథ తెలియకుండా ఈ క్లయింట్ మనసు తెలియదు. ఇది 1992 జూన్ 1న అమెరికాలో మొదటిసారి ప్రసారమైంది. కథ మోర్గాన్ జెండెల్‌ది. స్క్రీన్‌ప్లేను ఆయన, పీటర్ అలన్ ఫీల్డ్స్ కలిసి రాశారు. దర్శకుడు పీటర్ లారిట్‌సన్. మరుసటి ఏడు దీనికి హ్యూగో అవార్డు వచ్చింది. ఎంటర్‌ప్రైజ్ అనే నౌకకు అంతరిక్షంలో ఒక చిన్న పరికరం ఎదురవుతుంది. దాని నుంచి వచ్చిన కిరణం తగిలి కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పి పడిపోతాడు. కళ్లు తెరిచేసరికి కటాన్ అనే గ్రహం మీద, రెసిక్ అనే ఊళ్లో, కామిన్ అనే మనిషిగా ఉంటాడు. ఎలీన్ అనే భార్య ఉంటుంది. మొదటి అయిదేళ్లు ఆయన తన నౌకనే తలచుకుంటూ, రాత్రుళ్లు ఆకాశం వంక చూస్తూ గడుపుతాడు. తర్వాత ఆ ఊరిని తన ఊరుగా ఒప్పుకుంటాడు, పిల్లలు పుడతారు, వేణువు నేర్చుకుంటాడు, ముసలివాడవుతాడు. వానలు పడక నేల ఎండిపోతూ ఉంటుంది. వాళ్ల సూర్యుడే ఆ గ్రహాన్ని కాల్చేయబోతున్నాడని చివరికి తెలుస్తుంది. తాము ఎలాగూ మిగలమని తెలిసిన ఆ జనం, తమ జ్ఞాపకాన్నైనా ఎవరో ఒకరు మోయాలని ఒక పరికరాన్ని ఆకాశంలోకి పంపుతారు. పికార్డ్‌ను తాకింది అదే. మెలకువ వచ్చేసరికి నౌకలో గడిచింది ఇరవై అయిదు నిమిషాలే, ఆ గ్రహం నశించి వెయ్యేళ్లయింది. పరికరాన్ని తెరిస్తే లోపల ఒక పెట్టె, పెట్టెలో ఆయన వాయించిన వేణువు ఉంటాయి. గదిలో ఒంటరిగా నిలబడి ఆయన దాన్ని వాయించడంతో ఎపిసోడ్ ముగుస్తుంది.

ముప్పై ఏళ్లు దాటినా అభిమానులు ఈ నలభై అయిదు నిమిషాల కథను వదల్లేదు. సిరీస్‌లో వాడిన ఆ వేణువు 2006లో క్రిస్టీస్ వేలంలో 48,000 డాలర్లకు పోయింది. అంత ధర పెట్టిన మనిషి కొన్నది వస్తువును కాదని వేరే చెప్పనక్కర్లేదు. జే చాటవే కట్టిన ఆ చిన్న బాణీని వేణువు మీద, పియానో మీద, గిటారు మీద నేర్చుకుని వాయించే అభిమానులు లోకమంతా ఉన్నారు. నా క్లయింట్ కూడా జడ్చర్లలో ఒక వెదురు వేణువు కొని తెచ్చుకున్నారు, కానీ ఊదింది లేదు.

మొదటి పని, ఇది జబ్బా కాదా అని నిర్ధారించుకోవడం. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో స్కోరు స్వల్ప స్థాయిలోనే ఉంది. ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం మన కుటుంబాల్లోనే కాదు కొందరు కౌన్సెలర్లలోనూ ఉంది, దానికి ఆధారం లేదు. అటువంటి ఆలోచనలు లేవని ఆయన స్థిరంగా చెప్పారు. అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ను భార్యాభర్తలిద్దరి ఫోన్లలో పెట్టించాను. నిద్ర విషయం కోసం ఒక సైకియాట్రిస్టు దగ్గరకు పంపాను. ఆయన పరీక్షించి, థైరాయిడ్ రిపోర్టు చూసి, ప్రస్తుతానికి మందులు అవసరం లేదన్నారు. కథకూ నిజానికీ తేడా తెలియని స్థితి ఏ కోశానా లేదు. పైగా ఆ ఎపిసోడ్‌లోని సూర్యుడు నోవాగా, అంటే ఒక్కసారిగా భగ్గుమనే నక్షత్రంగా మారే తీరు ఖగోళ శాస్త్రం ప్రకారం ఎక్కడ పొసగదో మొదటి రోజే నాకు చక్కగా వివరించారు. కళ్లు తుడుచుకుంటూనే వివరించారు.

కల్పన చూసి ఏడవడం దానికదే అనారోగ్యం కాదు. కథలో మునిగిపోయిన మనిషి ధ్యాస, ఊహ, భావం మూడూ ఒకే దిక్కుకు తిరుగుతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు మెలనీ గ్రీన్, టిమోతీ బ్రాక్ 2000 లో వివరించారు. మన దగ్గర ఇది కొత్త సంగతేమీ కాదు. ఒగ్గు కథ రాత్రంతా సాగుతుంటే మల్లన్న కష్టాలకు కొంగుతో కళ్లొత్తుకునే ఆడవాళ్లను పల్లెల్లో ఎవరూ డాక్టరు దగ్గరకు తీసుకుపోలేదు. మన కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికులు ఇంకో అడుగు ముందుకు వెళ్లారు. నాటకంలోని శోకం నాదీ కాదు, పరాయిదీ కాదు అన్న స్థితికి వచ్చినప్పుడే కరుణ రసమవుతుందన్నారు. వెయ్యేళ్ల కిందట అభినవగుప్తుడు రసానికి కలిగే విఘ్నాలు ఏడింటిని లెక్కపెడుతూ, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకే లోబడిపోవడాన్ని కూడా వాటిలో ఒకటిగా చేర్చాడు. క్లినిక్‌లో నాకు పనికివచ్చే గీత అదే. నాటకాన్ని చూసి కార్చే కన్నీరు ఆటతో పాటు ఆగుతుంది, మనిషి తేలికపడి ఇంటికి పోతాడు. సొంత దుఃఖం మధ్యలో దూరినప్పుడు ఆట ముగిసినా కన్నీరు ముగియదు. నా క్లయింట్ ఆ ఎపిసోడ్‌ను చూడటం ఎప్పుడో మానేశారు. చివరి నాలుగు నిమిషాల్లో వేరే ఏదో చూస్తున్నారు.

అదేమిటో తెలుసుకోవడానికి, ఆ రాత్రి కలిసి చూసిన మిగతావాళ్ల సంగతి అడిగాను. ఎవరెవరు ఎక్కడ ఏడ్చారో ఆయనకు బాగా గుర్తుంది. అభిమానుల బృందాల్లో ఇది సహజమే, ఎపిసోడ్ అయిపోగానే “నీకెక్కడ పట్టేసింది?” అని ఒకరినొకరు అడుక్కుంటారు. తల్లిని కోల్పోయిన ఒక మేడమ్, ఎలీన్ మరణశయ్య దగ్గర కూలిపోయారట. అక్కడ పెద్ద మాటలేమీ ఉండవు. జోళ్లను ఎక్కడపడితే అక్కడ విడవొద్దని కాపురమంతా పోరుతూ వచ్చిన ఎలీన్, పోయే ముందు కూడా అదే గుర్తుచేస్తుంది. ఆ మేడమ్‌కు తల్లి చివరిగా చెప్పింది గ్యాస్ బంద్ చేశావా అని. ఇంకొకాయన దుబాయిలో చాలా కాలం పనిచేసి వచ్చిన మనిషి, కామిన్ రాత్రుళ్లు ఆకాశం వంక చూస్తూ తన అసలు చోటు ఎక్కడుందో వెతుక్కునే మొదటి భాగంలోనే లేచి వరండాలోకి పోయాడట. మూడో ఆయనకు ఏమీ కాలేదు. ఫొటోగ్రఫీ బాగుందన్నాడు, రాతి గుండె అని మిగతావాళ్లు ఆటపట్టించారు. ఆయనను కూడా నేను మనసులోనే ఆరోగ్యవంతుల జాబితాలో వేశాను. ఏడుపు రాకపోవడం లోపమని, వచ్చినవాళ్లే సున్నిత హృదయులని అభిమానుల మధ్య ఒక అంతస్తు ఏర్పడుతుంటుంది. కొందరు దానికోసం లేని కన్నీళ్లు కూడా తెచ్చుకుంటారు. ఒకే ఎపిసోడ్ ఇంతమందిని ఇన్ని చోట్ల పట్టుకుందంటే, గొప్పదనం కథదే అయినా గాయం మాత్రం ఎవరిది వారిదే.

క్లయింట్‌ను కూడా అలాగే అడిగితే, వేణువు పాట దగ్గర అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. సంగీతం మీద ఆయనకు ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. క్లినిక్‌లో ఎపిసోడ్ మొత్తం పెట్టి ఇద్దరం కలిసి చూశాం. నేను తెర వంక చూసింది తక్కువ, ఆయన చేతుల వంక చూసింది ఎక్కువ. ఎలీన్ మరణం దగ్గర చేతులు కదలలేదు. ఊరివాళ్లంతా ఆకాశంలోకి లేచిపోతున్న పరికరాన్ని చూసే ఘట్టంలోనూ మామూలుగానే ఉన్నారు. నౌకలో పికార్డ్ కింది అధికారి రైకర్ వచ్చి ఆయన చేతికి పెట్టె ఇచ్చాడు. పికార్డ్ ఇంకా మూత తీయలేదు, అప్పటికే నా క్లయింట్ ఎడమ చేతి తాయెత్తును కుడి చేత్తో గట్టిగా పట్టుకుని తల వంచేశారు. పాట ఇంకా మొదలే కాలేదు. అక్కడ ఆపి, “ఆ పెట్టెలో ఏముంది?” అని అడిగాను. చాలాసేపటికి వచ్చిన జవాబు: “మా దర్వాజ సార్.”

ఇక్కడి నుంచి కథ కటాన్ వదిలి కృష్ణ ఒడ్డుకు వస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు 1981లో నిండినప్పుడు అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వంద వరకు గ్రామాలు మునిగాయి. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ ప్రాంతంలో ముంపు ఊరి పేరు చెప్పని కుటుంబం అరుదు. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఆ అంకె అక్కడి ముసలివాళ్లకు పుట్టిన తేదీ కంటే బాగా గుర్తుంటుంది. క్లయింట్ తాతది అటువంటి ఒక ఊరు. క్లయింట్ పుట్టేనాటికి ఆ ఊరు నీళ్లలో చేరి ఏళ్లయింది, ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు. కానీ పెంచింది తాత. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు సోమశిల వైపు తీసుకువెళ్లి, బురదలో తేలిన మొండి గోడలను చూపించి, ఇది ఫలానా వాళ్ల ఇల్లు, అది కల్లు మండువ, అగో ఆ గుండు పక్క నుంచి మన బాట అని చెప్పేవాడట. సంగమం దగ్గరి కూడవెల్లి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. దాని ముచ్చట వచ్చినప్పుడల్లా తాత, “దేవునికి నంబర్లేసి మోసిండ్రు, మనల్ని మోసెటోడు లేకపాయె,” అనేవాడట. ఈ మాట చెప్పేటప్పుడు క్లయింట్ నవ్వారు.

ఊరు ఖాళీ చేసేనాడు తాత బండి మీద తెచ్చుకున్న సామానులో పాత ఇంటి వేప దర్వాజ ఒకటి. ప్రభుత్వం ఇచ్చిన ప్లాటులో కట్టుకున్న చిన్న ఇంటికి అది మరీ పెద్దది, అయినా గోడను దానికి తగ్గట్టు లేపించి మరీ పెట్టించాడు. పై కమ్మి మీద పసుపు మరకలు, బొట్లు, ఎన్నో పండుగల మామిడి తోరణాలకు కొట్టిన మేకుల గుంతలు ఉండేవని క్లయింట్ వేలితో గాలిలో గీసి చూపించారు. ఉద్యోగం కుదిరి, పెళ్లయి, ఆయన స్లాబు ఇల్లు వేసినప్పుడు మేస్త్రీ కొత్త కొలతలు చెప్పాడు, వాస్తు చూసినాయన సింహద్వారానికి టేకు అన్నాడు. పాత దర్వాజను పశువుల కొట్టంలో గోడకు ఆనించారు. తాత ఏమీ అనలేదు. కొన్నాళ్లకు తన మంచాన్ని కొట్టానికి మార్చుకున్నాడు. అడిగితే, స్లాబు కింద ఉడక పోస్తుందని, ఇక్కడ చల్లగా ఉందని చెప్పాడు. క్లయింట్ నమ్మారు. రెండేళ్ల కిందట ఆ మంచం మీదే తాత పోయినప్పుడు, దహనం, దినాలు, భోజనాలు, అప్పులు, ఇవన్నీ చూసుకుంటూ తిరిగిన మనవడికి ఏడవడానికి తీరిక దొరకలేదు. దినాలు అయిపోయాక సందర్భం పోయింది.

ఈ కేసు సూత్రీకరణ, అంటే బాధ ఎందుకు వచ్చిందన్న నా వివరణ, ఇక్కడ నిలబడుతుంది. పోయిన మనిషితో బంధాన్ని తెంపుకోవడమే దుఃఖానికి ముగింపు అన్న పాత భావనను శోకాన్ని అధ్యయనం చేసిన డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ 1996 లో ప్రశ్నించి, బంధం రూపం మార్చుకుని కొనసాగుతుందన్నారు. ఎపిసోడ్‌లో వేణువు చేసేది అదే పని. ఇక్కడ ఆ పని చేయవలసిన వస్తువు కొట్టంలో పడి ఉంది, అక్కడ పెట్టింది తానేనన్న ఎరుక అడుగున ఉంది. దీనికి తోడు, పరిశోధకురాలు పౌలీన్ బాస్ చెప్పిన అస్పష్ట నష్టం, అంటే పోయిందో ఉందో తేలని నష్టం ఉంది: ఊరు చచ్చిపోలేదు, బతికీ లేదు, ఏటా వేసవిలో కొంచెం తేలి మళ్లీ మునుగుతుంది. అటువంటి నష్టానికి దినాలు చేసే ఆచారం మనకు లేదు. ఇక మూడో పొర నాకు అన్నిటికంటే విలువైనదనిపించింది. తాను పుట్టక ముందే పోయిన ఊరి కోసం మనిషి ఏడవవచ్చా, ఆ హక్కు తనకు ఉందా అన్న సందేహం క్లయింట్‌ను లోలోపల తొలుస్తూ ఉండేది. తండ్రి ముందు ఆ ఊరి మాట ఎత్తితే, “నువ్వేం జూసినవని?” అని నోరు మూయించేవాడు. ఆ ఎపిసోడ్ దానికి సమాధానం ఇచ్చింది. పికార్డ్ కూడా ఆ ఊళ్లో పుట్టలేదు, వెయ్యేళ్ల తర్వాత వచ్చిన పరాయివాడు. అయినా ఆ ఊరి జనం తమను మోయడానికి అతన్నే ఒప్పుకున్నారు. అభిమానులు చాలామంది ఈ కథను మరణం గురించిన కథగా చెబుతారు. నా క్లయింట్‌కు అది వారసత్వ ధ్రువపత్రంలా అందింది. కన్నీళ్లకు అనుమతి దొరికింది, రెండేళ్ల బకాయి ఒక్కసారిగా వచ్చిపడింది.

దీర్ఘకాలిక శోక రుగ్మత అన్న నిర్ధారణ పెట్టవచ్చా అని ఆలోచించాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ అయిన ఐసీడీ-11 ప్రకారం ఆరు నెలలు దాటిన, జీవితాన్ని గట్టిగా దెబ్బతీసే శోకానికి ఆ పేరు వర్తిస్తుంది. ఆ మొదటి నెలన్నర మినహా ఆయన జీవితం ఎక్కడా ఆగలేదు; తాత కోసం నిరంతరమైన తపన కూడా లేదు, ఉన్నది ఆలస్యంగా మొదలైన మామూలు శోకం. అందుకే ఆ పేరు పెట్టలేదు.

చికిత్సలో నేను తీసుకున్న మొదటి నిర్ణయం కుటుంబానికి నచ్చలేదు. ఎపిసోడ్ చూడటం మాన్పించమని వాళ్లు కోరారు. నేను దాన్ని పూర్తిగా చూడమన్నాను, చివరి నిమిషాలను మాత్రం విడిగా చూడొద్దన్నాను. అర్ధరాత్రి ఒంటరిగా కాకుండా, ఆదివారం పగటిపూట, భార్యతో కలిసి, మొదటి నుంచి చివరి దాకా చూడాలన్నది ఒప్పందం. కారణం ఎపిసోడ్ నిర్మాణంలోనే ఉంది. గ్రహం నశించడం అందులో తెర మీద కనిపించదు. నిడివిలో ఎక్కువ భాగం కాపురం, పిల్లలు, పంటలు, గొడవలు, స్నేహితుడితో వాదనలతోనే నిండి ఉంటుంది. ముగింపును మాత్రమే కత్తిరించి చూసే అభిమాని నష్టాన్ని చూస్తాడు, నష్టపోయినదేమిటో చూడడు. ఫోన్లలో తిరిగే చిన్న క్లిప్పులు ఈ అలవాటును ఎంత పెంచుతున్నాయో చెప్పాలంటే అది వేరే వ్యాసం.

భార్య మొదట ఒప్పుకోలేదు, ఆమెకు ఇంగ్లీషు సీరియళ్లు రుచించవు. ఆయన పక్కన కూర్చుని అర్థం చెబుతుండగా చూశారు. తర్వాతి సెషన్‌లో ఆమె మాట్లాడిన తీరు నేను ఊహించనిది. ఆమెకు పికార్డ్ మీద జాలి కలగలేదు, ఎలీన్ మీద కలిగింది. “అయిదేండ్లు పెనిమిటి ఇంట్లనే ఉండె, మనసు మాత్రం ఏ సుక్కల్లనో ఉండె. ఆమె గోస ఎవలు జూసిండ్రు సార్?” అన్నారు. భర్త ఆమె వైపు తిరిగి కూర్చున్నారు. ఆ గదిలో ఎలీన్ ఎవరో ఎవరికీ విడమరిచి చెప్పవలసిన అవసరం రాలేదు. ఇల్లు కట్టిన అప్పు, ట్యూషన్లు, శని ఆదివారాలు స్నేహితులతో సినిమాలు, ఇవన్నీ ఆ రోజు బయటకు వచ్చాయి. ఒక గంట సేపు నేను దాదాపు ఏమీ మాట్లాడలేదు. ఈ కేసులో అన్నిటికంటే ఫలితమిచ్చిన గంట అదేనని నా అంచనా, అది నా ప్రణాళికలో లేదు.

దర్వాజ విషయంలో మాత్రం అంత సాఫీగా జరగలేదు. దాన్ని తెచ్చి ఇంట్లో ఎక్కడో ఒకచోట నిలబెట్టాలని క్లయింట్ పట్టుబట్టారు. కొట్టంలో చూస్తే కింది గడపకు చెదలు పట్టి సగం పిండి అయింది. పై కమ్మి, ఒక పక్క నిలువు చెక్క మాత్రమే గట్టిగా ఉన్నాయి. సగం దర్వాజ ఇంట్లో పెట్టడం అరిష్టమని అత్తగారు, గోడ పగలగొట్టడం కుదరదని భార్య. వస్తువు తిరిగి దొరికితే తప్పు కడిగినట్టవుతుందన్న ఆశ శోకంలో ఉన్నవాళ్లకు సహజం, కౌన్సెలర్ ఆ ఆశకు కాపలా కాయకూడదు. వస్తువు సంగతి పక్కన పెట్టి, దాని ముందు తాతకు చెప్పాలనుకున్న మాటలు చెప్పమన్నాను. క్లినిక్‌లో ఖాళీ కుర్చీ పెట్టి, పోయిన మనిషి అందులో ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడమని చేయించే ఆ ప్రక్రియను ఆయన కొట్టంలోనే, తాత మంచం ముందు, తన భాషలో చేసుకున్నారు. ఏం చెప్పుకున్నారో నేను అడగలేదు. చివరికి పై కమ్మిని వడ్రంగితో చిత్రిక పట్టించి, మేకుల గుంతలను పూడ్చకుండా, పుస్తకాల అలమర మీద బిగించారు. అందరూ ఒప్పుకున్నది అదొక్కటే.

తీరని భాగం ఒకటి ఉంది, అది తండ్రి. ముంపు కుటుంబాలకు ఉద్యోగం ఇవ్వాలని 1986లో వచ్చిన 98 జీవో చుట్టూ ఆయన యవ్వనమంతా తిరిగింది. దరఖాస్తులు, ధర్నాలు, ఆఫీసుల ముందు పడిగాపులు, ఆఖరికి వయసు దాటిపోవడం. ముంపు ఆయనకు జ్ఞాపకం కాదు, తిరస్కరణ. తాత తన నష్టాన్ని మనవడికి ముచ్చటగా చెప్పుకుని బతికాడు, తండ్రికి చెప్పుకోవడానికి ముచ్చట కూడా దక్కలేదు. క్లినిక్‌కు రమ్మని ఫోన్‌లో నేనే పిలిచాను. “నీళ్లల్ల పోయిన ఊరు నీళ్లల్లనే ఉండనియ్యండి సార్, పోరని నిదుర సంగతి సూడుండ్రి,” అని మర్యాదగానే పెట్టేశారు. మూడు తరాల కేసులో నడిమి తరాన్ని కలవకుండా పనిచేయడం వల్ల నా అవగాహనకు ఉన్న పరిమితి ఇది, ఈ వివరణ చదివేవారు దాన్ని లెక్కలో ఉంచుకోవాలి.

నాలుగు నెలలకు క్లయింట్ నిద్ర కుదుటపడింది, పీహెచ్‌క్యూ-9 స్కోరు మామూలు స్థాయికి దిగింది. తాత సంవత్సరీకం నాడు ఏడ్చారు. ఇంట్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఎపిసోడ్ చూస్తే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయట, కాకపోతే ఇప్పుడు చోటు మారింది. పెట్టె దగ్గర కాదు, ఎలీన్ జోళ్ల మాట దగ్గర. దీన్ని నేను మెరుగుదలగానే నమోదు చేశాను. స్నేహితులతో శనివారం సినిమాలు మళ్లీ మొదలయ్యాయి, రెండు వారాలకొకటి అని భార్యతో కుదిరిన లెక్క ప్రకారం.

వచ్చే వేసవిలో నీళ్లు దిగితే పెద్ద కొడుకును సోమశిలకు తీసుకువెళ్లాలని ఆయన అనుకుంటున్నారు. భార్యకు అభ్యంతరం లేదు, తండ్రికి చెప్పలేదు. వెళ్లాలనీ వద్దనీ నేను అనలేదు. తండ్రికి చెప్పే వెళ్లాలని, ఆయన రానన్నా సరే రమ్మని పిలవాలని మాత్రం అడిగాను. దానికి క్లయింట్ ఇంకా సమాధానం ఇవ్వలేదు. ఫైలు తెరిచే ఉంచాను, తర్వాతి సెషన్ మార్చిలో.